మీ మెయిల్‌బాక్స్ నిండిందా? ముందు ఏం చేయాలి, ఏం చెరపకూడదు



"మేడమ్, మాకు మెయిల్ రాలేదండీ." పీటీఎంలలో టీచర్లకు తరచుగా వినిపించే మాట ఇది. స్కూల్ ఆఫీసు నుంచి మెయిల్ వెళ్లింది. మీరిచ్చిన ఐడీలో స్పెల్లింగ్ సరిగ్గానే ఉంది. స్పామ్ ఫోల్డర్‌లో వెతికినా లేదు. మరి ఆ మెయిల్ ఏమైంది? ఇలాంటప్పుడు చాలామందికి తట్టని కారణం ఒకటుంది. మీ ఖాతాలో చోటు అయిపోయి ఉండొచ్చు.

స్కూల్ సర్క్యులర్ రాకపోతే పెద్ద నష్టం లేదు. వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో ఒకరు పెడతారు, డైరీలో కూడా రాసి ఉంటుంది. కానీ పిల్లలు పెద్ద క్లాసులకు వచ్చాక సంగతి వేరు. జేఈఈ, నీట్, ఈఏపీసెట్ లాంటి పరీక్షల దరఖాస్తుల్లో మెయిల్ ఐడీ అడుగుతారు. చాలా ఇళ్లలో అక్కడ నాన్నగారి ఐడీ రాస్తారు. అదే ఐడీ ఆయన ఫోన్‌లోని ఫోటోలకు, వాట్సాప్ బ్యాకప్‌కు కూడా పనిచేస్తూ ఉంటుంది. ఫోటోలతో ఖాతా నిండితే ఆగిపోయేది ఫోటోలు ఒక్కటే కాదు. దరఖాస్తుకు సంబంధించిన సమాచారం, మర్చిపోయిన పాస్‌వర్డ్ మార్చుకునే లింకు కూడా రావు. గడువు తేదీలు మాత్రం ఎవరి కోసమూ ఆగవు.

అందుకే ఈ నెల ఈ విషయం తీసుకున్నాను. కంప్యూటర్ చదువుకోని వారికి కూడా అర్థమయ్యేలా రాస్తున్నాను. మొదట లోపల ఏం జరుగుతుందో చూద్దాం. తర్వాత ఇంట్లో ఏం చేయాలో వరుసగా చూద్దాం.

నిండిన డబ్బాకు వచ్చిన ఉత్తరం ఎక్కడికి పోతుంది?

మెయిల్ పంపడమంటే ఒక సర్వర్ ఇంకో సర్వర్ తలుపు తట్టడమే. "ఫలానా వారికి ఉత్తరం తెచ్చాను, తీసుకుంటారా?" అని పంపే సర్వర్ అడుగుతుంది. తీసుకునే సర్వర్ ఒక అంకెతో జవాబిస్తుంది. ఆ జవాబు 2తో మొదలైతే తీసుకున్నట్టు. 4తో మొదలైతే "ఇప్పుడు కుదరదు, మళ్లీ రండి" అని. 5తో మొదలైతే "కుదరదు, వెనక్కి తీసుకెళ్లండి" అని. మెయిల్‌బాక్స్ నిండినప్పుడు సాధారణంగా కనిపించే అంకెలు 452, 552.

452 వస్తే పంపిన సర్వర్ కొంతసేపు ఆగి మళ్లీ ప్రయత్నిస్తుంది. సాధారణంగా నాలుగైదు రోజుల పాటు ఇలా ప్రయత్నించి, అప్పటికీ కాకపోతే వదిలేస్తుంది. 552 వస్తే ఆ మెయిల్ అప్పుడే పంపినవారికి తిరిగి వెళ్లిపోతుంది.

గమనించాల్సిన విషయం ఏమిటంటే, మెయిల్ తిరిగొచ్చిందన్న కబురు పంపినవారికి అందుతుంది, మీకు కాదు. స్కూల్ పంపితే కబురు స్కూల్‌కు వస్తుంది. కంప్యూటర్ దానంతటదే పంపే మెయిల్ అయితే, తిరిగొచ్చిన కబురును కూర్చుని చదివే మనిషి అవతల ఉండకపోవచ్చు. తర్వాత మీరు చోటు ఖాళీ చేసినా, తిరిగి వెళ్లిపోయిన మెయిళ్లు వాటంతట అవి రావు. పంపినవారు మళ్లీ పంపాల్సిందే. కాబట్టి ఖాతా నిండి కొన్ని రోజులైందని తెలిస్తే, శుభ్రం చేయగానే స్కూల్ ఆఫీసుకు ఫోన్ చేసి ఆ రోజుల్లోని మెయిళ్లు మళ్లీ పంపమని అడగండి. పరీక్ష దరఖాస్తు పెట్టి ఉంటే మెయిల్ కోసం ఎదురుచూడకుండా నేరుగా ఆ వెబ్‌సైట్‌లో లాగిన్ అయి చూసుకోండి.

ఒక్కరి డబ్బా కాదు, పోస్టాఫీసే నిండితే?

మన ఖాతా నిండితే మనకు ఒక్కరికే ఇబ్బంది. అందరి మెయిళ్లు దాచే సర్వర్ డేటాబేస్ నిండితే ఆఫీసు మొత్తానికీ మెయిల్ ఆగిపోతుంది. దీనికి ఐటీ వాళ్లందరికీ తెలిసిన పాత ఉదాహరణ ఒకటుంది. మైక్రోసాఫ్ట్ వారి ఎక్స్ఛేంజ్ సర్వర్ 2003 స్టాండర్డ్ ఎడిషన్‌లో మెయిళ్ల డేటాబేస్‌కు 16 జీబీ పరిమితి ఉండేది. అది దాటితే డేటాబేస్ మూతపడేది, అందులో మెయిల్‌బాక్స్ ఉన్న వారందరికీ మెయిల్ ఆగిపోయేది. 2005లో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2తో ఆ పరిమితిని 75 జీబీ వరకు పెంచుకునే వీలు కల్పించారు.

పరిమితి పెంచినంత మాత్రాన సమస్య తీరిపోదు. డేటాబేస్ కూర్చునే డిస్క్‌లో కూడా చోటుండాలి. మెయిల్ సర్వర్ ప్రతి మార్పునూ ముందు లాగ్ అనే చిట్టాలో రాసుకుని, తర్వాత డేటాబేస్‌లో ఎక్కిస్తుంది. కిరాణా షాపులో ముందు చిత్తు పుస్తకంలో రాసుకుని, సాయంత్రం ఖాతా పుస్తకంలోకి ఎక్కించినట్టే. కరెంటు పోయినా లెక్క తప్పకూడదని ఈ ఏర్పాటు. సరైన బ్యాకప్ జరిగాక పాత చిట్టాలు తొలగిపోతాయి. బ్యాకప్ ఆగిపోతే చిట్టాలు పేరుకుపోయి డిస్క్ నిండుతుంది. అప్పుడు కంగారులో ఎవరైనా ఆ చిట్టా ఫైళ్లను చేత్తో చెరిపేస్తే, డేటాబేస్ మళ్లీ తెరుచుకోకపోయే ప్రమాదం ఉంది. చోటు లేకపోవడం వల్ల పోయేది కొన్ని గంటల పని. కంగారుగా చెరపడం వల్ల పోయేది అందరి ఉత్తరాలు.

ఇంట్లో మనకూ ఈ మాటే వర్తిస్తుంది. నిండిపోవడం వల్ల జరిగే నష్టాన్ని సరిదిద్దుకోవచ్చు. తొందరపడి చెరిపిన ఫోటోను మాత్రం తిరిగి తెచ్చుకోలేం.

చెరిపినా సైజు ఎందుకు తగ్గదు?

ఆ పాత సర్వర్‌లో ఇంకో చిత్రమైన సంగతి ఉంది. ఉద్యోగులందరూ వేల మెయిళ్లు డిలీట్ చేసినా డేటాబేస్ ఫైలు సైజు తగ్గేది కాదు. పిల్లల నోట్‌బుక్ గుర్తు తెచ్చుకోండి. 200 పేజీల నోట్‌బుక్‌లో 50 పేజీలు రబ్బరుతో చెరిపితే పుస్తకం మందం తగ్గదు కదా! అది 200 పేజీల పుస్తకంగానే ఉంటుంది. కాకపోతే ఆ 50 పేజీల్లో మళ్లీ రాసుకోవచ్చు. డేటాబేస్ కూడా అంతే. చెరిపిన చోటును ఖాళీగా గుర్తుపెట్టుకుని కొత్త మెయిళ్లకు వాడుకుంటుంది. పుస్తకం మందమే తగ్గాలంటే, పనికొచ్చే పేజీలను కొత్త పుస్తకంలోకి తిరగరాయాలి. ఎక్స్ఛేంజ్‌లో ఆ పనికి డేటాబేస్‌ను కొన్ని గంటలు మూసి ఉంచాలి. దాని సైజులో సుమారు 110 శాతం ఖాళీ చోటు పక్కన ఉండాలి. బీరువా సర్దాలంటే ముందు బట్టలన్నీ పరచడానికి మంచం ఖాళీగా ఉండాలి కదా, అలాగే. అందుకే పూర్తిగా నిండేదాకా ఆగితే సర్దుకోవడం కూడా కష్టమే.

మన జీమెయిల్‌లో ఇంత తిప్పలు లేవు. చెరిపితే మన లెక్కలో చోటు తగ్గుతుంది. కానీ డిలీట్ నొక్కిన మెయిల్ నేరుగా పోదు, ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది. అక్కడ ఉన్నంత కాలం చోటు ఆక్రమిస్తూనే ఉంటుంది. స్పామ్ కూడా లెక్కలోకే వస్తుంది. ఆర్కైవ్ నొక్కితే మెయిల్ ఇన్‌బాక్స్ నుంచి పక్కకు వెళ్తుందే తప్ప చోటు ఒక్క ఎంబీ కూడా మిగలదు.

15 జీబీ ఎటు పోతోంది?

2004లో జీమెయిల్ వచ్చినప్పుడు 1 జీబీ ఉచితం అంటే అందరూ ఆశ్చర్యపోయారు. ఇప్పుడు 15 జీబీ ఇస్తున్నా చాలడం లేదు. ఎందుకంటే ఈ 15 జీబీ మెయిల్‌కు మాత్రమే కాదు. జీమెయిల్, గూగుల్ డ్రైవ్, గూగుల్ ఫోటోస్ మూడింటికీ కలిపి ఇచ్చిన ఒకే వాటా ఇది. ఆండ్రాయిడ్ ఫోన్లలో వాట్సాప్ బ్యాకప్‌కు ఒకప్పుడు వేరుగా ఉచిత చోటు ఉండేది. ఇప్పుడు అది కూడా ఈ 15 జీబీలోనే లెక్క.

ఒక చిన్న లెక్క వేద్దాం. 15 జీబీ అంటే 15,360 ఎంబీ. ఒక ఫోటో 3 ఎంబీ అనుకుంటే 5,120 ఫోటోలు పడతాయి. ఫోన్‌లో మామూలు ఫుల్ హెచ్‌డీ వీడియో నిమిషానికి సుమారు 100 ఎంబీ అనుకుందాం. యాన్యువల్ డే ప్రోగ్రామ్‌ను రెండు గంటలు తీస్తే 12,000 ఎంబీ. అంటే ఒక్క సాయంత్రంతో 15 జీబీలో మూడొంతులకు పైగా అయిపోయినట్టే! మన పిల్లల డాన్స్ ఆరు నిమిషాలే ఉంటుంది. ఆ ఆరు నిమిషాలకు 600 ఎంబీ చాలు.

మెయిళ్ల సంగతి దీనికి తిరగబడి ఉంటుంది. అక్షరాలు మాత్రమే ఉన్న మెయిల్ కొన్ని కేబీలే. 20 ఎంబీ జతపరచిన ఫైలున్న ఒక్క మెయిల్, 20 కేబీల చిన్న మెయిళ్లు వెయ్యింటితో సమానం. కాబట్టి కూర్చుని ఆఫర్ల మెయిళ్లు ఒక్కొక్కటీ చెరుపుతూ ఆదివారం పాడు చేసుకోనక్కర్లేదు. పెద్దవి పది చెరిపితే పని అవుతుంది.

ఇంట్లో చేయాల్సిన పని, వరుసగా

1. ముందు కొలవండి. ఫోన్‌లో జీమెయిల్ యాప్ తెరిచి కుడివైపు పైన మీ ఫోటో ఉన్న గుండ్రటి గుర్తు నొక్కండి. ఎంత చోటు వాడారో అక్కడ కనిపిస్తుంది. దాన్ని నొక్కితే మెయిల్, డ్రైవ్, ఫోటోస్ ఏది ఎంత తింటోందో విడివిడిగా చూపిస్తుంది. ఎక్కువ తినేది ఏదో దానితోనే మొదలుపెట్టండి.

2. కాపీ తీసుకున్నాకే చెరపండి. పిల్లల ఫోటోలు, సర్టిఫికెట్ల స్కాన్‌లు ముందు ల్యాప్‌టాప్‌లోకో పెన్‌డ్రైవ్‌లోకో దించుకోండి. దించిన ఫైలు తెరుచుకుంటోందో లేదో ఒకసారి చూడండి. ఖాతా మొత్తాన్ని ఒకేసారి దించుకోవడానికి గూగుల్ టేకౌట్ అనే సౌకర్యం ఉంది.

3. పెద్ద మెయిళ్లు పట్టుకోండి. కంప్యూటర్‌లో జీమెయిల్ తెరిచి, పైన వెతికే పెట్టెకు కుడి చివర ఉన్న గుర్తు నొక్కండి. అక్కడ సైజు అనే గడి ఉంటుంది. 10 ఎంబీ కంటే పెద్దవి అని పెట్టి వెతకండి. అవసరమైన ఫైళ్లు దించుకుని మిగతావి డిలీట్ చేయండి.

4. ట్రాష్, స్పామ్ ఖాళీ చేయండి. డ్రైవ్‌కు వేరే ట్రాష్ ఉంటుంది, అది కూడా చూడండి. ఖాళీ చేయబోయే ముందు పైనుంచి కిందికి ఒకసారి చదవండి. ఆ తర్వాత తిరిగి తెచ్చుకునే దారి ఉండదు.

5. వాట్సాప్ బ్యాకప్ తగ్గించండి. సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్‌లోకి వెళ్లి వీడియోలు కలపడం ఆపేయండి. గుడ్ మార్నింగ్ వీడియోలకు బ్యాకప్ అక్కర్లేదు కదా! ఐఫోన్ వాడేవారి వాట్సాప్ బ్యాకప్ ఐక్లౌడ్‌లోకి వెళ్తుంది. అక్కడ ఉచితంగా ఇచ్చేది 5 జీబీ మాత్రమే.

6. ఒకరోజు ఆగి చూడండి. చెరిపిన వెంటనే అంకె మారకపోవచ్చు. మారలేదని మళ్లీ మళ్లీ చెరుపుతూ పోకండి. తర్వాత వేరే ఐడీ నుంచి మీకు మీరే ఒక మెయిల్ పంపి, వస్తోందో లేదో చూసుకోండి.

ఇక్కడే జాగ్రత్త

ఫోన్ చోటు వేరు, ఖాతా చోటు వేరు. "మా ఫోన్‌లో 128 జీబీ ఉందండీ, ఇంకా సగం ఖాళీయే" అని కొందరు అంటారు. అది ఫోన్ లెక్క. మెయిల్ ఆగేది గూగుల్ సర్వర్‌లోని మీ 15 జీబీ నిండినప్పుడు. ఎక్కువ చోటున్న కొత్త ఫోన్ కొన్నా ఈ సమస్య తీరదు.

గూగుల్ ఫోటోస్‌లో "ఫ్రీ అప్ స్పేస్" అనే బటన్ ఉంటుంది. పేరు చూసి మెయిల్‌కు చోటు వస్తుందనుకుంటారు. అది ఫోన్‌లోని కాపీలను తీసేసి ఫోన్‌కు చోటిస్తుంది. ఖాతాలో ఉన్నవి అలాగే ఉంటాయి. మెయిల్‌కు దానివల్ల ఉపయోగం లేదు.

దీనికి తిరగబడిన ప్రమాదం ఇంకొకటి. గూగుల్ ఫోటోస్ యాప్‌లో ఒక ఫోటోను డిలీట్ చేస్తే, బ్యాకప్ ఆన్‌లో ఉన్నప్పుడు అది ఖాతాలోంచీ పోతుంది, ఫోన్‌లోంచీ పోతుంది. బ్యాకప్ అయిన ఫోటో ఆ యాప్ ట్రాష్‌లో 60 రోజులు ఉంటుంది. పొరపాటున పోయినవి ఏమైనా ఉంటే ఆ లోపే తెచ్చుకోవాలి.

అన్నిటికంటే ముఖ్యమైనది మీ పాత ఫోటోల సంగతి. 2021 జూన్ 1కి ముందు "హై క్వాలిటీ" పద్ధతిలో బ్యాకప్ అయిన ఫోటోలు, వీడియోలు 15 జీబీ లెక్కలోకే రావు. అంటే ఈ రోజు మిడిల్ స్కూల్‌లో ఉన్న మీ అమ్మాయి బోసినవ్వులు, అన్నప్రాశన, మొదటిరోజు ఎల్‌కేజీ యూనిఫాం, ఇవన్నీ ఆ పద్ధతిలో ఎక్కి ఉంటే, వాటిని చెరిపినా మీకు చోటు రాదు. జ్ఞాపకం మాత్రం పోతుంది. "పాతవే కదా" అని అక్కడ మొదలుపెట్టకండి. మొన్న పెళ్లిలో తీసిన పొడుగాటి వీడియోలతో మొదలుపెట్టండి.

రెండేళ్ల గడువులు కూడా తెలుసుకోండి. ఖాతా పరిమితి దాటి రెండేళ్ల పాటు అలాగే ఉంటే అందులోని ఫైళ్లను గూగుల్ తొలగించవచ్చు. రెండేళ్లు ఎవరూ తెరవని ఖాతానే తొలగించవచ్చు. పిల్లల పేరు మీద ఎప్పుడో తెరిచి మర్చిపోయిన ఐడీ ఉంటే అప్పుడప్పుడు లాగిన్ అవండి.

"మీ మెయిల్‌బాక్స్ నిండింది, ఇక్కడ నొక్కండి"

ఇలా వచ్చే మెయిళ్లన్నీ నిజం కాదు. మోసగాళ్లు ఎక్కువగా వాడే ఎత్తుల్లో ఇదొకటి. "24 గంటల్లో మీ ఖాతా మూతపడుతుంది" అని భయపెట్టి, అచ్చం అసలు పేజీలా ఉన్న చోటికి తీసుకెళ్లి పాస్‌వర్డ్ రాయిస్తారు. నిజమో కాదో తేల్చుకోవడం తేలికే. మెయిల్‌లోని లింకు నొక్కకుండా, పైన మొదటి అంశంలో చెప్పినట్టు మీరే యాప్ తెరిచి చోటు ఎంత ఉందో చూడండి. నిజంగా నిండితే అక్కడే కనిపిస్తుంది. పొరపాటున పాస్‌వర్డ్ ఇచ్చేసి ఉంటే వెంటనే మార్చండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930 నంబరుకు ఫోన్ చేయండి.

డబ్బు కట్టి చోటు కొనాలా?

కొనడం తప్పు కాదు. గూగుల్ వన్ ప్లాన్ ఒకటి తీసుకుంటే ఇంట్లో మరో ఐదుగురితో పంచుకోవచ్చు. ధరలు యాప్‌లోనే కనిపిస్తాయి. పరీక్ష దరఖాస్తుల సమయంలో ఖాతా నిండి, సర్దే తీరిక లేకపోతే ఒక నెలకు కొనడం తెలివైన పనే. కానీ కట్టడం ఆపితే పరిమితి మళ్లీ 15 జీబీకి వస్తుంది, మెయిల్ మళ్లీ ఆగుతుంది. కాబట్టి కొన్నా సర్దుకోక తప్పదు.

దీనికంటే మంచి ఉపాయం, పిల్లల చదువుకు ప్రత్యేకంగా ఒక ఐడీ పెట్టడం. ఆ ఐడీతో ఏ ఫోన్‌లోనూ ఫోటోల బ్యాకప్ ఆన్ చేయకండి, వాట్సాప్ బ్యాకప్ పెట్టకండి. స్కూల్, పరీక్షలు, స్కాలర్‌షిప్‌లు అన్నిటికీ అదే ఇవ్వండి. మెయిళ్లు మాత్రమే అయితే 15 జీబీ ఏళ్ల తరబడి వస్తుంది. పాస్‌వర్డ్ అమ్మానాన్నలిద్దరికీ తెలిసి ఉండాలి. రికవరీ నంబరు మీదే ఉండాలి. దరఖాస్తు నెట్ సెంటర్‌లో నింపిస్తే, అక్కడివారు తమ ఐడీ రాయకుండా మీ ఐడీయే రాశారో లేదో ప్రింట్ తీసుకునే ముందు చూసుకోండి.

పిల్లలతో కలిసి ఒక ఆదివారం

ఆరో తరగతి పైన పిల్లలుంటే ఈ పని వాళ్లతోనే చేయించండి. కేబీ, ఎంబీ, జీబీల లెక్కలు మ్యాథ్స్‌కు మంచి అభ్యాసం. ఈ మూడు ప్రశ్నలు అడగండి:

- మన ఖాతాలో ఇంకా ఎన్ని జీబీలు ఉన్నాయి? 3 ఎంబీ ఫోటోలు ఎన్ని పడతాయి?
- గత నెలలో ఎన్ని జీబీలు పెరిగింది? ఇలాగే పెరిగితే ఎన్ని నెలల్లో నిండుతుంది?
- ఒకే ఫోటో నాలుగుసార్లు ఉంటే ఏది ఉంచాలి? ఎందుకు?

చెరిపే బటన్ మాత్రం మీ చేతిలోనే ఉంచుకోండి. ఏది ఉంచాలో, ఏది తీసేయాలో వాళ్లు చెప్పాలి, మీరు ఒప్పుకున్నాకే నొక్కాలి.

12 జీబీ దాటితే సర్దడం మొదలుపెట్టాలని ఇంట్లో ఒక నియమం పెట్టుకోండి. స్కూల్‌కు ఇచ్చిన మెయిల్ ఐడీ మార్చాలనుకునేవారు ఆఫీసులో గానీ, మీ పిల్లల క్లాస్ టీచర్‌కు గానీ రాసివ్వండి. వచ్చే పీటీఎంకు మీ ఫోన్ తెచ్చుకుంటే, ఖాతాలో ఎంత చోటుందో చూడటం ఎలాగో అక్కడే రెండు నిమిషాల్లో చూపిస్తాం.